కోతె మఖరాద్జె: నాటకశాల నుంచి మైకు దాకా

రాత్రి నాటకంలో వేషం, మర్నాడు ఫుట్‌బాల్ మైదానంలో మైకు. దశాబ్దాల తరబడి ఈ రెండింటి మధ్యే తిరిగిన మనిషి కోతె మఖరాద్జె. ఊరు త్బిలిసీ, దేశం జార్జియా. అమెరికాలో అదే పేరుతో ఒక రాష్ట్రం ఉంది, అది కాదు. ఇది నల్లసముద్రానికి తూర్పున, కాకసస్ పర్వతాల దిగువన ఉన్న చిన్న దేశం. ఆయన పుట్టేనాటికి సోవియట్ యూనియన్‌లో భాగం. ఆయనకు దాదాపు 65 ఏళ్లు వచ్చేదాకా అలాగే ఉంది. ఆయన మైకులో మాట్లాడుతుంటే వినేవాళ్లు త్బిలిసీలో ఉండేవారు, మాస్కోలో ఉండేవారు, ఎక్కడో పసిఫిక్ తీరాన వ్లాదివొస్తోక్‌లోనూ ఉండేవారు.

ఈ పేజీలో ఆయన కథ చెప్పుకోవడానికి ఒక కారణం ఉంది. 1979 జనాభా లెక్కల ప్రకారం సోవియట్ జనం 26 కోట్ల పైచిలుకు. అందులో జార్జియన్లు 36 లక్షలు దాటరు. అంటే నూటికి ఒకరిద్దరు. ఆ ఒకరిద్దరి భాషలో పుట్టి, నాటకమంతా ఆ భాషలోనే ఆడి, ఆటను మాత్రం సొంత ఊరివాళ్లకు జార్జియన్‌లో, దేశమంతటికీ రష్యన్‌లో చెప్పిన మనిషి ఆయన. రష్యన్ మాట్లాడేటప్పుడు తన యాసను దాచుకోలేదు. ఆ యాస వినగానే టీవీ ముందున్నవాళ్లకు ఎవరు మాట్లాడుతున్నారో తెలిసిపోయేది. హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో, షోలాపూర్‌లోనో ఉన్న తల్లిదండ్రులు మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: ఇంట్లో తెలుగు, బడిలో తెలుగు అయితే బయటి భాషలో పిల్లవాడి నోరు తిరుగుతుందా అని. దానికి సమాధానం ఒక్క మనిషి జీవితంలో దొరకదు. కానీ ఈ ప్రశ్నతోనే బతికిన ఒక మనిషి జీవితం ఎలా సాగిందో చూడవచ్చు.

ముందు ఆ భాష గురించి రెండు మాటలు, ముఖ్యంగా టీచర్ల కోసం. జార్జియన్ రష్యన్‌కు చుట్టం కాదు, ఇండో యూరోపియన్ కుటుంబానికే చెందదు. సొంత లిపి ఉంది, ఇప్పటి వాడుకలో 33 అక్షరాలు. అయిదో శతాబ్దం నుంచే అందులో గ్రంథాలున్నాయి. మన తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కదా, అందుకే అజంత భాష అంటాం. జార్జియన్ పోకడ వేరు. గ్వ్‌ప్ర్‌త్స్‌క్వ్‌ని అని ఒక మాట ఉంది. నువ్వు మమ్మల్ని ఒలుస్తున్నావు అని అర్థం. అచ్చు వచ్చేలోపు ఎనిమిది హల్లులు దాటాలి. క్లాసులో ఒకసారి పిల్లలతో అనిపించి చూడండి, ఆ పీరియడ్ నవ్వులతోనే గడిచిపోతుంది. ఇలాంటి నాలుకతో పెరిగిన మనిషి రష్యన్ పలికితే అందులో కొంత గరుకుదనం వినపడక తప్పదు.

కోతె 1926 నవంబరు 17న త్బిలిసీలో పుట్టారు. పూర్తి పేరు కొన్‌స్తంతినె, కోతె ముద్దుపేరు. లోకమంతా చివరిదాకా ఆ ముద్దుపేరుతోనే పిలిచింది. చిన్నప్పుడు నాట్య పాఠశాలలో చేరి బాలె నేర్చుకున్నారు. నాట్యంలో కొనసాగలేదు గాని, నిలబడే తీరు, ఊపిరి పట్టు అక్కడే వచ్చి ఉంటాయని మేమనుకుంటాం. ఆ తర్వాత త్బిలిసీలోని రుస్తావేలి నాటక విద్యాలయంలో చదివి 1948లో బయటికి వచ్చారు. రుస్తావేలి అంటే మధ్యయుగాల జార్జియన్ మహాకవి. మనం తిక్కన పేరు తలచుకున్నట్టు వాళ్లు ఆయన్ను తలచుకుంటారు. త్బిలిసీ నడిబొడ్డున ఉన్న పెద్ద వీధికీ ఆయన పేరే, ఆ వీధిలోని పెద్ద నాటకశాలకూ ఆయన పేరే. చదువు ముగిసిన ఏడాదే కోతె ఆ నాటకశాలలో చేరి, 1970 దాకా అక్కడే నటించారు. తర్వాత అదే ఊళ్లోని మర్జనిష్విలి నాటకశాలకు మారారు. ఆయనకు ప్రజా కళాకారుడు అనే బిరుదు వచ్చింది. ఆ బిరుదు నటనకు వచ్చింది, కామెంటరీకి కాదు. జార్జియాలో పెద్దతరం వాళ్లను అడిగితే ఆయన్ను మొదట నటుడనే చెబుతారు. రష్యాలో అడిగితే నాటకం సంగతి చాలామందికి తెలియదు.

1950ల చివర్లో ఆయన మైకు ముందుకు వచ్చారు. అప్పటికి సోవియట్ దేశంలో ఫుట్‌బాల్ కామెంటరీకి మూడు దశాబ్దాల వయసుంది. దానికి ఆద్యుడు వాదిమ్ సిన్యావ్‌స్కీ, పియానో వాయించే మనిషి. 1929లో రేడియోలో ఆట చెప్పడం మొదలుపెట్టాడు. యుద్ధకాలంలో రేడియో విలేఖరిగా సెవస్తోపోల్‌కు వెళ్లి, అక్కడ తగిలిన గాయంతో ఒక కన్ను పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత కూడా ఒంటికన్నుతోనే ఆటలు చెప్పాడు. 1945 నవంబరులో మాస్కో డైనమో జట్టు ఇంగ్లండు వెళ్లినప్పుడు లండన్‌లో ఆర్సెనల్‌తో ఆట రోజున దట్టమైన పొగమంచు కమ్మింది. మైదానం సగం కనపడలేదు. అయినా సిన్యావ్‌స్కీ ఆ ఆటను ఇంటిదగ్గరున్న కోట్లమందికి చెప్పాడు. చూసింది ఎంత, ఊహించింది ఎంత అన్నది వినేవాళ్లు అడగలేదు. ఆయన తర్వాత వచ్చిన నికొలాయ్ ఒజెరోవ్ కూడా మాస్కో ఆర్ట్ థియేటర్ నటుడే, పైగా టెన్నిస్ చాంపియన్. అంటే కోతె వచ్చేసరికే సంగీతం, నాటకం తెలిసినవాళ్లు ఆ పని చేయడం అక్కడ అలవాటైపోయింది. మన దగ్గర కామెంటరీ అంటే పాత ఆటగాళ్ల పని అనుకుంటాం. వాళ్లు దాన్ని గొంతు పని అనుకున్నారు.

రేడియోలో ఆట చెప్పడం వేరు, టీవీలో చెప్పడం వేరు. రేడియో వినేవాడు గుడ్డివాడితో సమానం. బంతి ఏ పక్కనుంది, ఎవరి కాలి కింద ఉంది, ఎన్ని నిమిషాలైంది, స్కోరెంత అన్నవి చెబుతూనే ఉండాలి. అప్పుడే రేడియో పెట్టినవాడికి కూడా మొదటినుంచి విన్నట్టు ఉండాలి. టీవీలో బొమ్మ కనపడుతోంది కాబట్టి ఆ చెప్పడమంతా అనవసరం. అప్పుడు ఏం చెప్పాలి అన్నదే అసలు సమస్య. కొందరు మౌనం పాటించారు. కొందరు అంకెలు ఏకరువు పెట్టారు. కోతె కథలు చెప్పారు. ఆట నెమ్మదించిన చోట ఈ ఆటగాడి ఊరు, ఆ కోచ్ పాతకాలం, ఒకప్పటి మరో ఆట, నడుమ ఒక హాస్యం. బంతి గోలు దగ్గరికి వచ్చేసరికి కథ ఎక్కడున్నా తెంచేసి ఆటలోకి దూకేవారు. హరికథ విన్నవాళ్లకు ఇది కొత్త కాదు. దాసుగారు అసలు కథ ఆపి పిట్టకథ ఎత్తుకుంటారు. ఎంత దూరం పోయినా తాళం తప్పకుండా తిరిగి వస్తారు. కోతె బలం ఆ తిరిగి రావడంలోనే ఉంది.

జార్జియాలో దీనికి సొంత సంప్రదాయం కూడా ఉంది. అక్కడ విందంటే ఊరికే తినడం కాదు. తమదా అని ఒక పెద్దమనిషి ఉంటాడు. ఎవరి గురించి ఎప్పుడు మాట్లాడాలో, పోయినవాళ్లను ఎప్పుడు తలచుకోవాలో, ఎక్కడ నవ్వించాలో అంతా అతని చేతిలో ఉంటుంది. మాట పొందిగ్గా చెప్పేవాడికి ఆ సమాజంలో గౌరవం ఎక్కువ. కోతె మైకులో మాట్లాడిన తీరు చాలామందికి ఆ తమదాను గుర్తుకు తెచ్చింది.

ఇది అందరికీ నచ్చలేదు. ఆట చూడనివ్వకుండా మాట్లాడుతున్నాడని విసుక్కున్నవాళ్లున్నారు. ఆయన అన్నాడని చెప్పుకునే తమాషా మాటలు, మాట జారిన సందర్భాలు రష్యన్‌లో ఇప్పటికీ జోకులుగా తిరుగుతుంటాయి. ఎవరో పుట్టించి ఆయన పేరు తగిలించినవి కూడా వాటిలో కలిసిపోయి ఉంటాయి. ఇంకో భాషలో యాసతో మాట్లాడే మనిషికి ఇది తప్పదు. మాట జారితే పొరపాటు అనరు, భాష రాదు అంటారు. ఒడియా పరీక్షలోనో మరాఠీ పరీక్షలోనో మన పిల్లలు ఒక గుణింతం తప్పితే వినపడే మాట కూడా ఇదే. కోతె ఆ జోకులను పట్టించుకుని గొంతు మార్చుకోలేదు. మాస్కో రేడియోలో వినిపించే నున్నటి రష్యన్ కోసం ప్రయత్నించలేదు. అదే పెద్ద ఘనకార్యమని మేమనడం లేదు. ఆయన నటుడు, కావాలనుకుంటే ఏ యాసనైనా పట్టగలిగేవారు. వద్దనుకున్నారు, అంతే.

జార్జియన్‌లో ఆట చెప్పేటప్పుడు ఆయనకు మాటల కొరత ఉండేది కాదు. ఇది ఆయన గొప్పతనం కన్నా ఆ భాష గొప్పతనం. వాళ్లు ఫుట్‌బాల్‌ను పెఖ్‌బుర్తి అంటారు. పెఖి అంటే కాలు, బుర్తి అంటే బంతి. గోలును కారి అంటారు, అంటే తలుపు. గోల్‌కీపర్ మెకారె, అంటే తలుపు కాసేవాడు. బడిలో, వీధిలో, పేపర్లో, టీవీలో ఒకే మాట. మనకూ కాలిబంతి అన్న మాట ఉంది గాని నిఘంటువు దాటి బయటికి రాలేదు. అలాగని ఇప్పుడు గోల్‌కీపర్‌కు కొత్త తెలుగు మాట పుట్టించమని మేము చెప్పబోవడం లేదు. పిల్లల నోట్లో ఇమిడిన మాటే మాట. కాకపోతే చెడుగుడులో కూత అంటాం కదా, ఆ మాట ఎవరూ పుట్టించకుండానే ఆడేవాళ్ల దగ్గర పుట్టింది. ఆటను ఒక భాషలో రోజూ గట్టిగా చెప్పేవాళ్లు ఉంటేనే అలాంటి మాటలు పుడతాయి, నిలుస్తాయి. మన బడుల్లో క్రీడాదినం నాడు ప్రార్థన తెలుగులో అయిపోతుంది, పరుగు పందెం మొదలవగానే మైకు ఇంగ్లీషులోకో రాష్ట్ర భాషలోకో మారిపోతుంది. మేము చూసిన చాలాచోట్ల ఇదే వరస.

కోతె చెప్పిన ఆటల్లో ఎక్కువ భాగం ఒకే జట్టు చుట్టూ తిరిగాయి. అది దినామో త్బిలిసీ. సోవియట్ లీగ్‌లో ఆ జట్టు ఆడితే జార్జియన్లకు అది ఒక క్లబ్బు ఆట కాదు, తమ దేశపు ఆట. ఎందుకంటే ప్రపంచ కప్పులో ఆడటానికి వాళ్లకు వేరే జాతీయ జట్టు లేదు. 1964లో దినామో త్బిలిసీ, మాస్కో టార్పెడో సమాన పాయింట్లతో నిలిచాయి. తేల్చడానికి తటస్థంగా తాష్కెంట్‌లో ఆట పెట్టారు. అదనపు సమయంలో త్బిలిసీ 4-1తో గెలిచి తొలిసారి సోవియట్ చాంపియన్ అయింది. రెండోసారి గెలవడానికి 14 ఏళ్లు పట్టింది.

ఆ రెండో ఏడాది 1978. జార్జియాలో ఆ సంవత్సరాన్ని ఫుట్‌బాల్ కంటే ముందు మరో సంగతి కోసం గుర్తుంచుకుంటారు. అంతకుముందు ఏడాది సోవియట్ యూనియన్‌కు కొత్త రాజ్యాంగం వచ్చింది. దానికి అనుగుణంగా ఒక్కో రిపబ్లిక్ తన రాజ్యాంగాన్ని తిరగరాసుకుంటోంది. జార్జియా పాత రాజ్యాంగంలో జార్జియన్ రాజ్యభాష అన్న వాక్యం ఉండేది. కొత్త ముసాయిదాలో ఆ వాక్యం లేదు. ఏప్రిల్ 14న విశ్వవిద్యాలయ విద్యార్థులు, వాళ్లతోపాటు ఊరిజనం వేల సంఖ్యలో రుస్తావేలి వీధిలోంచి ప్రభుత్వ భవనం దాకా నడిచారు. సోవియట్ కాలంలో అలా వీధికెక్కడం అంటే ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే. అదే ఊళ్లో 1956లో జనం మీద కాల్పులు జరిగాయి. ఈసారి కాల్పులు జరగలేదు. అప్పటి పార్టీ నాయకుడు ఎదువార్ద్ షెవర్ద్‌నాద్జె మాస్కోతో మాట్లాడి, ఆ వాక్యాన్ని తిరిగి పెట్టిస్తున్నట్టు జనానికి చెప్పారు. ఇప్పుడు జార్జియాలో ఏప్రిల్ 14ను మాతృభాషా దినంగా జరుపుకుంటారు.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది, అది చెప్పకపోతే కథ సగమే. జార్జియా లోపల మైనారిటీలున్నారు. నల్లసముద్రపు ఒడ్డున అబ్ఖాజులు, ఉత్తరాన ఒసెట్లు. అదే 1978లో అబ్ఖాజులు కూడా తమ భాషకు, తమ చదువుకు చోటు లేదని వీధికెక్కారు. మరుసటి ఏడాది సుఖుమీలో వాళ్లకు విశ్వవిద్యాలయం వచ్చింది. పెద్ద దేశంలో చిన్న భాష, ఆ చిన్న భాష ఇంట్లో మరీ చిన్న భాషలు. ఒకరి బాధ తెలిసినవాడికి పక్కవాడి బాధ దానంతటదే తెలియదు. ఈ సంగతి కోతె జీవితంలోకి కూడా వచ్చింది, ఫుట్‌బాల్ దారిన.

1978 చివరికి దినామో రెండోసారి లీగ్ గెలిచింది. కోచ్ నోదర్ అఖల్కాత్సి. దవిద్ కిపియాని, అలెక్సాండర్ చివాద్జె, రమాజ్ షెంగెలియా లాంటి ఆటగాళ్లు. ఏడాది తిరిగేసరికి యూరోపియన్ కప్‌లో త్బిలిసీకి వచ్చిన లివర్‌పూల్‌ను 3-0తో ఓడించింది. అప్పటికి లివర్‌పూల్ ఇంగ్లండు చాంపియన్, యూరప్‌లోనే పేరుమోసిన జట్టు. ఆ తర్వాత వచ్చింది 1981.

ఆ ఏడాది యూరప్ కప్ విన్నర్స్ కప్‌లో దినామో లండన్ వెళ్లి వెస్ట్‌హామ్‌ను వాళ్ల సొంత మైదానంలో 4-1తో కొట్టింది. సెమీస్‌లో హాలండ్ జట్టు ఫెయెనోర్డ్‌ను దాటింది. ఫైనల్ మే 13న పశ్చిమ జర్మనీలోని డ్యూసెల్‌డోర్ఫ్‌లో. ఎదుటి జట్టు తూర్పు జర్మనీకి చెందిన కార్ల్ జైస్ యేనా. కళ్లద్దాలు, కెమెరా కటకాలు చేసే కంపెనీ పేరు మీద ఉన్న జట్టు అది. ఆట చెప్పడానికి వెళ్లింది కోతె మఖరాద్జె.

అక్కడ ఆయనకు ఎదురైన స్థితిని కాస్త ఊహించుకోండి. రెండు జట్లూ కమ్యూనిస్టు దేశాలవి. వాటి అభిమానులకు సరిహద్దు దాటి రావడానికి అనుమతి దొరకదు. పశ్చిమ జర్మన్లకు ఆ రెండు జట్లతోనూ పని లేదు. పదుల వేలమంది పట్టే స్టేడియంలో దాదాపు అయిదు వేలమంది కూర్చున్నారు. యూరప్ కప్పు ఫైనల్‌కు అంత తక్కువ జనం రావడం చాలా అరుదు. కామెంటేటర్‌కు జనం అరుపే సగం బలం. అది లేనప్పుడు ప్రతి నిశ్శబ్దం మైకులో వినపడుతుంది. ఖాళీ కుర్చీల ముందు నాటకం ఆడటం లాంటిది. ఇక్కడ త్బిలిసీలో మాత్రం ఊరు ఊరంతా టీవీ ముందుంది. జనమంతా ఒకచోట, ఆట ఇంకోచోట. మధ్యలో ఉన్నది ఒక్క గొంతు.

మొదటి సగంలో గోలు లేదు. 63వ నిమిషంలో యేనా ఆటగాడు గెర్హార్డ్ హొప్పె గోలు కొట్టాడు. నాలుగు నిమిషాల్లో వ్లాదిమిర్ గుత్సాయెవ్ సమం చేశాడు. ఆట అదనపు సమయానికి పోతుందనుకుంటుండగా 86వ నిమిషంలో విటాలీ దారాసెలియా బంతితో లోపలికి దూసుకొచ్చి, డిఫెండర్లను తప్పించి గోల్లోకి కొట్టాడు. 2-1. కోతె గొంతు ఆ క్షణంలో ఎలా పైకి లేచిందో ఆ తరం జార్జియన్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. రికార్డింగు నేటికీ ఉంది. భాష తెలియని మనకు కూడా ఏం జరిగిందో ఆ గొంతులోనే అర్థమవుతుంది. యూరప్ కప్పు గెలిచిన సోవియట్ జట్లలో దినామో త్బిలిసీ రెండోది. మొదటిది కీవ్ జట్టు, 1975లో.

గోళ్లు కొట్టిన ఆ ఇద్దరి గురించి ఒక మాట. గుత్సాయెవ్ పూర్వీకులు ఒసెట్లు. దారాసెలియా అబ్ఖాజియాలోని ఒచామ్‌చిరె పట్టణంలో పుట్టినవాడు. అంటే జార్జియన్ల అతిపెద్ద ఫుట్‌బాల్ పండుగ ఒసెట్ కుటుంబంలో పుట్టిన కుర్రాడి గోలుతో, అబ్ఖాజియా ఊరి కుర్రాడి గోలుతో వచ్చింది. దారాసెలియా మరుసటి ఏడాది డిసెంబరులో కారు ప్రమాదంలో చనిపోయాడు, పాతికేళ్ల వయసులో. పదేళ్లు తిరిగేసరికి దక్షిణ ఒసెతియాలోనూ, అబ్ఖాజియాలోనూ యుద్ధాలు జరిగాయి. రెండున్నర లక్షల దాకా జార్జియన్లు అబ్ఖాజియా వదిలి వెళ్లాల్సివచ్చింది.

కోతె ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆయన నాటకం చివరికి ఇంట్లోకే వచ్చింది. నడివయసులో ఆయన సోఫికో చియావురేలిని పెళ్లి చేసుకున్నారు. సోఫికో జార్జియన్ సినిమాలో అగ్రతార. పరజానోవ్ తీసిన దానిమ్మల రంగు సినిమాలో ఒకే మనిషి అనేక పాత్రలు వేసిందంటే అది ఆవిడే. తండ్రి మిఖెయిల్ చియావురేలి సినిమా దర్శకుడు. తల్లి వెరికో అంజాపరిద్జె ఆ దేశపు మహానటి, మర్జనిష్విలి నాటకశాలకు ప్రాణం. 1987లో వెరికో పోయాక కోతె, సోఫికో తమ ఇంటిలోనే ఆమె పేరిట ఒక చిన్న నాటకశాల కట్టారు. ఒకే నటుడో నటో ఆడే నాటకాల కోసం. పెద్ద తెరలు లేవు, పెద్ద సెట్లు లేవు. దశాబ్దాల తరబడి ఒక్క గొంతుతో కోట్లమందిని కూర్చోబెట్టిన మనిషికి ఒక్క నటుడి నాటకశాల సరిగ్గా అమరింది. జ్ఞాపకాలు పుస్తకంగా రాశారు. దాని పేరుకు మైకు లేని రిపోర్టు అని అర్థం.

ఆ రోజులు మంచివి కావు. 1989 ఏప్రిల్ 9న త్బిలిసీలో స్వాతంత్ర్యం కోరిన జనం మీద సైన్యం పడింది, 20 మందికి పైగా చనిపోయారు. 1990లో జార్జియా జట్లు సోవియట్ లీగ్ నుంచి బయటికి వచ్చేసి సొంత లీగ్ పెట్టుకున్నాయి. 1991లో స్వాతంత్ర్యం, ఆ ఏడాది చివర్లోనే నగరం నడుమ అంతర్యుద్ధం. రుస్తావేలి వీధి కాలిపోయింది. తర్వాత ఏళ్లతరబడి కరెంటు లేదు, చలికాలంలో గ్యాసు లేదు. ఇళ్లలో కిరోసిన్ పొయ్యిలు. స్టేడియంలో కూర్చునే జనం తగ్గిపోయారు. ఒకప్పుడు లివర్‌పూల్‌ను ఓడించిన దినామోకు ఇప్పుడు లీగ్‌లో ఎదురు లేదు, అందుకే ఆటలో పస లేదు.

కోతె వృత్తిలో ఇది విచిత్రమైన మలుపు. సొంత దేశం వచ్చింది, సొంత జాతీయ జట్టు వచ్చింది, ఇక ఏ ఆటైనా సొంత భాషలో చెప్పవచ్చు. ఆయన కోరుకున్నదే ఇదంతా. కానీ ఆయన్ను దశాబ్దాల తరబడి విన్న రష్యన్ శ్రోతలు ఒక్కసారిగా వేరే దేశస్థులైపోయారు. అటువైపు వాళ్లకు ఆయన గొంతు పాత జ్ఞాపకంగా మిగిలింది. ఇటువైపు రష్యన్‌లో మాట్లాడితే ముఖం చిట్లించే కాలం మొదలైంది. రెండు భాషల్లో బతికిన మనిషికి ఒక భాష మీద తలుపు పడటం ఎలా ఉంటుందో, విభజనలు చూసిన సరిహద్దు జిల్లాల పెద్దలకు మేము వేరే చెప్పనక్కర్లేదు.

2002 అక్టోబరు 12. 2004 యూరో కప్‌కు అర్హత పోటీల్లో జార్జియా జట్టు త్బిలిసీలోని లొకొమొతివి స్టేడియంలో ఆడుతోంది. ఎదుటి జట్టు రష్యా. ఒకప్పుడు ఒకే జట్టుగా ఆడిన రెండు దేశాలు. స్టేడియం కిక్కిరిసింది. ఆట సాగుతుండగా ఫ్లడ్‌లైట్లు ఆరిపోయాయి. మొదటి సగం ఎలాగో ముగిసినా రెండో సగం ఆడలేదు. గోళ్లు లేకుండానే ఆట రద్దయింది. కరెంటు కోతలకు అలవాటుపడ్డ ఊరే, కానీ ఈసారి చీకటిని యూరప్ అంతా చూసింది, రష్యా చూసింది. ఆ రాత్రి కోతెను బాగా కుంగదీసిందని ఆయన్ను ఎరిగినవాళ్లు చెప్పారు. ఆ వెంటనే ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట మీద బతికిన మనిషి మంచాన పడ్డారు. డిసెంబరు 19న త్బిలిసీలో కన్నుమూశారు. 76 ఏళ్లు. రష్యన్ పత్రికలూ, జార్జియన్ పత్రికలూ ఆయన పోయాడని ఒకేలా బాధపడ్డాయి. ఆ రోజుల్లో ఆ రెండూ ఒక్క విషయం మీద ఏకమవడం అరుదు. సోఫికో ఇంకో అయిదేళ్లకు పైగా బతికి, 2008 మార్చిలో పోయారు.

రద్దయిన ఆటను 2003 ఏప్రిల్ 30న మళ్లీ ఆడించారు. అదే ఊళ్లో, అవే రెండు జట్లు. మల్ఖాజ్ అసతియాని కొట్టిన ఒక్క గోలుతో జార్జియా 1-0తో గెలిచింది. ఈసారి దీపాలు ఆరలేదు. అప్పటికి కోతె పోయి నాలుగు నెలలు దాటింది.